పాస్‌వర్డ్ గడువు తీరుతోందని విండోస్ చెప్పినా వినపడదెందుకు?

"విండోస్ ముందే హెచ్చరిస్తుంది కదా, మళ్లీ మనం మెయిల్ పంపడం దేనికి?" ఆఫీసు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్ గడువు మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. హెచ్చరిస్తుంది, నిజమే. కాకపోతే గుమ్మం దగ్గర నిలబడి, ఆ గుమ్మంలోంచి లోపలికొచ్చే వాళ్లకే చెబుతుంది. ఇప్పుడు చాలామంది ఆ దారిన రావడమే లేదు.

యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసులోని అకౌంట్లనూ కంప్యూటర్లనూ ఒకేచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) ఉన్నచోట ఈ హెచ్చరిక ఎన్ని రోజుల ముందు మొదలవ్వాలో గ్రూప్ పాలసీ (వాటన్నిటికీ ఒకేసారి వర్తించే సెట్టింగుల కట్ట) చెబుతుంది. కంప్యూటర్ కాన్ఫిగరేషన్‌లో విండోస్ సెట్టింగ్స్, సెక్యూరిటీ సెట్టింగ్స్, లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్ దాకా వెళ్తే "ఇంటరాక్టివ్ లాగాన్: ప్రాంప్ట్ యూజర్ టు చేంజ్ పాస్‌వర్డ్ బిఫోర్ ఎక్స్‌పిరేషన్" కనిపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇది 14 రోజులు. పైగా అప్పట్లో తెర మధ్యలో పెట్టె తెరుచుకుని "ఇప్పుడే మారుస్తారా?" అని అడిగేది, జవాబు చెప్పకుండా ముందుకు పోనిచ్చేది కాదు. విండోస్ 7 నుంచి అది 5 రోజులకు తగ్గింది, పెట్టె పోయి మూలన చిన్న నోటిఫికేషన్ మిగిలింది. మెయిల్ తెరిచేలోపే అది మాయమవుతుంది.

అది కూడా లాగిన్ అయినప్పుడే, డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు అకౌంట్లను సరిచూసే సర్వర్) అందుబాటులో ఉంటేనే. ల్యాప్‌టాప్ మూత మూసి, మర్నాడు తెరిచి పని మొదలుపెట్టే వాళ్లు వారాల తరబడి కొత్తగా లాగిన్ అవ్వరు, ఊరికే లాక్ తీస్తారు. ఇంటి నుంచి పనిచేసేవారి ల్యాప్‌టాప్ తనలో దాచుకున్న పాత వివరాలతోనే లోపలికి పంపేస్తుంది. అప్పుడు సర్వర్‌తో మాటే జరగదు, ఇక గడువు సంగతి చెప్పేదెవరు? మ్యాక్ వాడేవాళ్లు, ఫోన్‌లో మెయిల్ మాత్రమే చూసేవాళ్లు, వెబ్ అప్లికేషన్ తప్ప మరేదీ తెరవని వాళ్లు ఈ లెక్కలోకే రారు. పిన్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ అయ్యేవాళ్ల సంగతి మరీ విచిత్రం. పాస్‌వర్డ్ అనేది ఒకటుందన్న సంగతే వాళ్లు మర్చిపోయి ఉంటారు.

పాలసీలో ఆ 5ను 14 చేయండి, ఖర్చు లేని పని. కానీ దానితో సగం సమస్య కూడా తీరదు.

గడువు తీరిన క్షణాన ఏం జరుగుతుంది

ఏమీ జరగదు. హెల్ప్‌డెస్క్‌ను తికమక పెట్టేది సరిగ్గా ఇదే. గడువు తీరిందని అప్పటికే లోపలున్నవారిని సిస్టమ్ బయటికి నెట్టదు. పొద్దున లాగిన్ అయినప్పుడు ఇచ్చిన కెర్బరోస్ టికెట్ (లోపలికొచ్చినవారిని గుర్తించే తాత్కాలిక అనుమతి) సాధారణంగా 10 గంటలు చెల్లుతుంది, దానితో పని సాగిపోతుంది. తర్వాత ఒక్కొక్కటే ఆగుతాయి. ముందు ఏదో షేర్డ్ ఫోల్డర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, తర్వాత వై-ఫై తెగుతుంది, మరో అప్లికేషన్ మాత్రం భేషుగ్గా నడుస్తూనే ఉంటుంది. వాడుకదారు "నెట్‌వర్క్ బాగాలేదు" అని ఫోన్ చేస్తారు. అడ్మిన్ స్విచ్‌లు చూస్తారు, కేబుళ్లు చూస్తారు. అసలు సంగతి డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో ఉంటుంది: ఈవెంట్ 4771, ఫెయిల్యూర్ కోడ్ హెక్సాలో 17. పాస్‌వర్డ్ గడువు తీరిందని దాని అర్థం. ఎల్‌డాప్ (డైరెక్టరీని అడిగే పద్ధతి) ద్వారా లాగిన్ చేయించే అప్లికేషన్ల లాగ్‌లో అయితే "డేటా 532" అని ఉంటుంది. "డేటా 773" అంటే వేరు, తర్వాతి లాగిన్‌లో తప్పనిసరిగా మార్చుకోవాలని అడ్మిన్ పెట్టిన గుర్తు అది.

అన్నిటికన్నా కష్టం వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) మీద ఆధారపడ్డవారిది. వీపీఎన్ కూడా అదే డొమైన్ పాస్‌వర్డ్ అడుగుతుంటే, గడువు తీరాక వీపీఎన్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ మార్చాలంటే వీపీఎన్ కావాలి. తాళంచెవి గదిలో పెట్టి తలుపు వేసుకున్నట్టే. ఎంఎస్-చాప్ వీ2 అనే లాగిన్ పద్ధతితో నడిచే వీపీఎన్‌లలో గడువు తీరిన పాస్‌వర్డ్‌ను అక్కడికక్కడే మార్చుకునే వీలుంది, కానీ ఆ ఏర్పాటు వీపీఎన్ వైపూ ఆ లాగిన్‌ను సరిచూసే రేడియస్ సర్వర్ వైపూ రెండుచోట్లా చేసి ఉండాలి. రిమోట్ డెస్క్‌టాప్‌ది ఇదే తంతు. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (తెర చూపకముందే పాస్‌వర్డ్ సరిచూసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే గడువు తీరిన పాస్‌వర్డ్‌తో అది లాగిన్ తెర దాకా కూడా రానివ్వదు. అందుకే దూరాన ఉన్నవారికి ముందుగా చెప్పడం మర్యాద కోసం చేసే పని కాదు. గడువు దాటితే చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు బయటపడే దారి ఉండదు.

తేదీ ఎక్కడ దొరుకుతుంది

ఒక్క మనిషి గురించి తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్ యూజర్" తర్వాత లాగిన్ పేరు, ఆ తర్వాత "/డొమైన్" కొడితే చాలు, "పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్స్" వరసలో తేదీ వచ్చేస్తుంది. వందల మందికైతే స్క్రిప్ట్ కావాలి.

చాలా పాత స్క్రిప్టులు ఇలా లెక్కిస్తాయి: అకౌంట్‌లోని పీడబ్ల్యూడీ-లాస్ట్-సెట్ విలువ, అంటే చివరిసారి పాస్‌వర్డ్ పెట్టిన సమయం తీసుకుని, దానికి డొమైన్ పాలసీలోని గరిష్ఠ వయసు కలుపుతాయి. కొత్త డొమైన్‌లో ఆ గరిష్ఠం 42 రోజులుగా వస్తుంది. డొమైన్ మొత్తానికీ ఒకే పాలసీ ఉన్నంతకాలం ఈ కూడిక సరిపోతుంది. విండోస్ సర్వర్ 2008 నుంచి ఫైన్-గ్రెయిన్డ్ పాలసీలు వచ్చాయి. అడ్మిన్లకు 60 రోజులు, మిగతావారికి 180 రోజులు అని వేర్వేరుగా పెట్టొచ్చు. అవి ఉన్నచోట ఈ కూడిక కొందరికి తప్పు తేదీ చెబుతుంది. ఇలాంటి పాలసీని యూజర్‌కో గ్లోబల్ సెక్యూరిటీ గ్రూప్‌కో మాత్రమే తగిలించగలం, ఓయూకి (డైరెక్టరీలో అకౌంట్లనూ కంప్యూటర్లనూ విడివిడిగా పెట్టే విభాగానికి) తగిలించలేం. ఓయూకి మామూలు గ్రూప్ పాలసీ లింక్ చేసి అందులో గడువు మార్చేసి, డొమైన్ అకౌంట్లకు అది ఎందుకు వర్తించట్లేదని తలపట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ఆ ఓయూలోని కంప్యూటర్ల లోకల్ అకౌంట్లకే వర్తిస్తుంది.

కాబట్టి సొంత లెక్క మానేసి, డైరెక్టరీ తానే లెక్కకట్టి ఇచ్చే విలువను అడగాలి. దాని పేరు చాంతాడంత: ఎంఎస్‌డీఎస్-యూజర్-పాస్‌వర్డ్-ఎక్స్‌పైరీ-టైమ్-కంప్యూటెడ్. ఎవరికి ఏ పాలసీ వర్తిస్తుందో చూసుకుని అసలు తేదీ చెప్పేది ఇదే. ఇందులో మెలికలు మూడు.

ఇది డిస్క్‌లో దాచిన విలువ కాదు, అడిగినప్పుడు లెక్కకట్టేది. అందుకే ఎల్‌డాప్ ఫిల్టర్‌లో "వారంలో గడువు తీరేవాళ్లనే ఇవ్వు" అని దీనిమీద షరతు పెట్టలేం. అందరినీ తెచ్చుకుని ఆ తర్వాత వడకట్టాలి. పవర్‌షెల్‌లో (విండోస్ స్క్రిప్టులు రాసే భాషలో) గెట్-ఏడీయూజర్ కమాండ్ వాడేటప్పుడు ప్రాపర్టీస్‌లో దీని పేరు విడిగా చెప్పకపోతే విలువ రానే రాదు.

రెండోది, వచ్చే సంఖ్య 1601 జనవరి 1 నుంచి గడిచిన కాలం, సెకనులో కోటో వంతు లెక్కన. దాన్ని మామూలు తేదీగా మార్చడానికి ఫ్రమ్-ఫైల్-టైమ్ ఉంది. గడువే లేని అకౌంట్‌కు మాత్రం 9223372036854775807 వస్తుంది. దాన్ని తేదీగా మార్చబోతే ఎర్రర్ వచ్చి, జాగ్రత్తపడని స్క్రిప్ట్ సగంలో చతికిలబడుతుంది. తర్వాతి లాగిన్‌లో మార్చుకోవాలని గుర్తుపెట్టిన అకౌంట్‌కు 0 వస్తుంది. వాటిని వదిలేయకపోతే నిన్ననే చేరిన ఉద్యోగికి "మీ పాస్‌వర్డ్ గడువు 1601లో ముగిసింది" అని మెయిల్ పోతుంది.

మూడోది చిన్నదే, కానీ ఎక్కువమంది పడేది ఇందులోనే. గడువు అర్ధరాత్రికి తీరదు. మధ్యాహ్నం 3:10కి పెట్టిన పాస్‌వర్డ్ మధ్యాహ్నం 3:10కే తీరుతుంది. పవర్‌షెల్‌లో గడువు సమయం నుంచి ఇప్పటి సమయం తీసేసి "డేస్" చూస్తే అది భిన్నాన్ని సున్నా వైపు కత్తిరిస్తుంది. ఇంకా 10 గంటలున్నా 0, తీరిపోయి 10 గంటలైనా 0. ఇద్దరికీ "ఇవాళ తీరుతుంది" అనే మెయిల్ వెళ్తుంది. రోజులు లెక్కించేటప్పుడు రెండువైపులా తేదీ భాగం మాత్రమే తీసుకోండి, మెయిల్‌లో గంటతో సహా చెప్పండి.

ఎవరికి పంపాలన్నది కూడా ఫిల్టర్‌తోనే తేలాలి. ఆపేసిన అకౌంట్లు (యూజర్-అకౌంట్-కంట్రోల్‌లో విలువ 2), గడువు లేనివి (65536) పక్కన పెట్టాలి. రెంటినీ కలిపి 65538 అని రాసి, 803తో ముగిసే బిట్ నియమం వాడితే రెండూ ఉన్నవారే పోతారు, ఏదో ఒకటి ఉన్నవారు మిగిలిపోతారు. అక్కడ కావలసింది 804తో ముగిసేది.

ఏ డొమైన్ కంట్రోలర్‌ను అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. పాస్‌వర్డ్ మార్పు మొదట పీడీసీ ఎమ్యులేటర్ అనే ప్రధాన కంట్రోలర్‌కు చేరుతుంది. వేర్వేరు సైట్ల మధ్య రెప్లికేషన్ (కంట్రోలర్లు మార్పులను పంచుకోవడం) మనమేమీ మార్చకపోతే 180 నిమిషాలకోసారి. స్క్రిప్ట్ దగ్గర్లో ఉన్న కంట్రోలర్‌ను అడిగితే, పొద్దునే పాస్‌వర్డ్ మార్చుకున్న మనిషికి కాసేపటికి "ఇంకా మార్చలేదు" అని మెయిల్ వెళ్తుంది. అలా ఒకసారి పొరపాటు మెయిల్ అందుకున్నవారు ఆ తర్వాతి వాటిని తెరవరు. నేరుగా పీడీసీ ఎమ్యులేటర్‌నే అడగండి.

ఎప్పుడు పంపాలి

14వ రోజు నుంచి రోజూ పంపే ఆఫీసులున్నాయి. మూడో మెయిల్‌కల్లా అందరూ దానికి రూల్ పెట్టి వేరే ఫోల్డర్‌లోకి తోసేస్తారు. 14, 7, 3, 1 చాలు. మొదటిది సెలవు మీద వెళ్లబోయేవారి కోసం, చివరిది వాయిదా వేసేవారి కోసం. మధ్యలోవి మధ్యలో ఉన్న అందరికోసం.

కానీ "సరిగ్గా 7 రోజులుంటే పంపు" అని రాయకండి. ఆ రోజు సర్వర్ రీస్టార్ట్‌లో ఉంటే ఆ మెట్టు మొత్తం తప్పిపోతుంది. "7 లేదా తక్కువ రోజులుండి, ఈ మెట్టు మెయిల్ ఇంకా వెళ్లకపోతే పంపు" అనాలి. అంటే ఎవరికి ఏ మెట్టు పంపామో ఒక ఫైల్‌లో రాసుకోవాలి. పక్కనే పీడబ్ల్యూడీ-లాస్ట్-సెట్ విలువ కూడా ఉంచితే, పాస్‌వర్డ్ మారగానే పాత గుర్తులు వాటంతటవే చెల్లకుండా పోతాయి. సోమవారం గడువున్నవారికి 1వ రోజు మెయిల్ ఆదివారం వెళ్తుంది, దాన్ని చూసేసరికి సోమవారమే వస్తుంది. శుక్రవారం నాటి స్క్రిప్ట్ శని, ఆది, సోమవారాల్లో తీరేవాటన్నిటినీ "చివరి మెయిల్" కింద లెక్కించాలి.

దీనికి సగం మందు పాలసీలోనే ఉంది. 90 రోజులంటే 12 వారాల మీద 6 రోజులు. సోమవారం మార్చిన పాస్‌వర్డ్ ఆదివారం తీరుతుంది. 84 లేదా 91 పెడితే వారంలో ఏ రోజు మార్చారో ఆ రోజే తీరుతుంది, పనిదినాన మార్చినది పనిదినానే తీరుతుంది. ఏదైనా నిబంధన "90కి మించకూడదు" అంటే 84 పెట్టండి.

స్క్రిప్ట్‌ను నడిపే అకౌంట్‌కు డొమైన్ అడ్మిన్ హక్కులు ఇవ్వకండి, చదవగలిగితే చాలు. మామూలు అకౌంట్ పెడితే దాని పాస్‌వర్డ్ గడువూ ఒకరోజు తీరుతుంది, షెడ్యూల్డ్ టాస్క్ చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. గడువు గుర్తుచేసే స్క్రిప్ట్ తన గడువు మరిచి ఆగిపోవడం నవ్వు తెప్పించే విషయమే అయినా జరుగుతూనే ఉంటుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి ఉన్న గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ అయితే తన పాస్‌వర్డ్ తానే మార్చుకుంటుంది. పంపాల్సినవారు ఎవరూ లేకపోయినా "ఇవాళ 0 మెయిళ్లు" అని అడ్మిన్‌కు రోజూ ఒక మెయిల్ రావాలి. అది రాని రోజునే అనుమానించాలి. మొదటి వారం మెయిళ్లన్నీ మీ పెట్టెకే మళ్లించి, పదిమంది తేదీలను "నెట్ యూజర్"తో సరిచూసుకున్నాకే అందరికీ వదలండి.

మెయిల్ అడ్రస్ లేని అకౌంట్లు ప్రతి ఆఫీసులోనూ కొన్ని ఉంటాయి: గోదాము కౌంటర్లు, స్కానర్లు, ఎవరో ఎప్పుడో పెట్టిన సర్వీస్ అకౌంట్లు. స్క్రిప్ట్ వాటిని నిశ్శబ్దంగా దాటేయకూడదు, విడి జాబితాగా హెల్ప్‌డెస్క్‌కు పంపాలి. పెద్ద ప్రమాదాలు వచ్చేది ఈ జాబితా నుంచే.

మెయిల్‌లో ఏముండాలి

"మీ పాస్‌వర్డ్ గడువు ముగుస్తోంది, ఇక్కడ నొక్కండి" అన్నది దొంగ మెయిళ్లలో బాగా అరిగిపోయిన ఎత్తుగడ. మనం పంపేదీ అలాగే ఉంటే దొంగలకు మనమే దారి వేసిపెట్టినట్టు. అందుకని నా తీర్పు కచ్చితం: గడువు మెయిల్‌లో లింక్ ఉండకూడదు. బటన్ అసలే వద్దు. ఇలా ఉంటే చాలు:

"మీ ఆఫీసు కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చి 18, బుధవారం మధ్యాహ్నం 3:10కి ముగుస్తుంది. ఆఫీసులో ఉంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి 'చేంజ్ ఎ పాస్‌వర్డ్' ఎంచుకోండి. బయట ఉంటే ముందు వీపీఎన్ కలుపుకుని అదే చేయండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉంటే డిలీట్ బదులు ఎండ్ నొక్కండి. మార్చాక ఫోన్‌లోనూ కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. ఈ మెయిల్‌లో లింకులు ఉండవు, ఎప్పటికీ ఉండవు."

సబ్జెక్ట్‌లో రోజుల సంఖ్యకన్నా తేదీ మేలు. "3 రోజుల్లో" అన్న మెయిల్‌ను రెండు రోజుల తర్వాత తెరిచినవారు అప్పటి నుంచి లెక్కపెట్టుకుంటారు. కొత్త పాస్‌వర్డ్ నియమాలు కూడా రెండు వాక్యాల్లో చెప్పండి: కనీసం ఎన్ని అక్షరాలు, వెనకటివి ఎన్ని మళ్లీ వాడకూడదు. విండోస్ ఇచ్చే ఎర్రర్ చాలా తప్పుదారి పట్టిస్తుంది. నిడివి, సంక్లిష్టత, చరిత్ర అన్నిటికీ ఒకే వాక్యం. కనీస వయసు 1 రోజు అని పాలసీలో ఉంటే, పొద్దున మార్చుకుని సాయంత్రం మళ్లీ మార్చబోయినా అదే వాక్యం కనిపిస్తుంది. మనిషి మరింత కఠినమైన పాస్‌వర్డ్‌లు కనిపెడుతూ కూర్చుంటారు, సమస్య అది కానే కాదు.

మార్చిన తర్వాత వచ్చే కష్టాలు

ఇంటి నుంచి వెబ్ పోర్టల్‌లో మార్చుకున్నవారి ల్యాప్‌టాప్‌కు ఆ సంగతి తెలియదు. పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది, వీపీఎన్ కొత్తది అడుగుతుంది. వీపీఎన్ కలిపాక విండోస్ మీటతో ఎల్ నొక్కి లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో లాక్ తీస్తే రెండూ ఒకటవుతాయి.

ఫోన్‌లో, వై-ఫైలో, మ్యాప్ చేసిన డ్రైవ్‌లో, మరిచిపోయిన రిమోట్ సెషన్‌లో పాతది మిగిలిపోయి మళ్లీ మళ్లీ తలుపు తడుతుంటే అకౌంట్ లాక్ అయ్యే అవకాశం ఉంది. చరిత్రలోని చివరి రెండు పాస్‌వర్డ్‌లతో తడితే యాక్టివ్ డైరెక్టరీ దాన్ని తప్పు ప్రయత్నంగా లెక్కించదు. అందుకే మార్చిన వెంటనే కాక, ఒకట్రెండు మార్పుల తర్వాత హఠాత్తుగా లాక్ పడి, కారణం అంతుచిక్కదు. ఎక్కడి నుంచి తడుతోందో పీడీసీ ఎమ్యులేటర్ లాగ్‌లో ఈవెంట్ 4740 చూస్తే కంప్యూటర్ పేరుతో సహా ఉంటుంది.

క్లౌడ్ కూడా కలిసున్నచోట ఒక వింత. పాస్‌వర్డ్ హ్యాష్ సింక్‌తో (పాస్‌వర్డ్ సంకేత రూపాన్ని క్లౌడ్‌కు పంపే ఏర్పాటుతో) మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ ఎంట్రా ఐడీకి వెళ్లే అకౌంట్లకు అక్కడ గడువు ఉండనట్టే మొదట అమరి ఉంటుంది. ఆఫీసులో గడువు తీరినా క్లౌడ్ మెయిల్ అదే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుంది. దీనివల్ల ఒక మేలుంది, గడువు తీరాక కూడా మన మెయిల్ వాళ్లకు అందుతుంది. ఆ రెండు గడువులూ కలపాలనుకుంటే సింక్ పాస్‌వర్డ్ యూజర్ల క్లౌడ్ పాలసీని విడిగా ఆన్ చేయాలి.

లినక్స్ సర్వర్ల గురించి ఒక్క మాట. అక్కడ "చేజ్ -ఎల్" తేదీ చెబుతుంది, హెచ్చరిక మామూలుగా 7 రోజుల ముందు నుంచి టెర్మినల్‌లో వస్తుంది. టెర్మినల్ తెరవనివారికి రాదు. కథ మళ్లీ అదే.

అసలు గడువు ఉండాలా

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఊరికే కాలం గడిచిందని పాస్‌వర్డ్ మార్పించవద్దని సూచించింది. మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్ 10 వెర్షన్ 1903 భద్రతా బేస్‌లైన్ (తాను సిఫారసు చేసే సెట్టింగుల జాబితా) నుంచి గడువును తీసేసింది. తరచూ మార్పిస్తే జనం చివరి అంకె ఒకటి పెంచి ఊరుకుంటారు, లీకైన పాతదాన్ని చూసి కొత్తది ఊహించడం తేలిక. అయినా కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ లాంటివి పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డుగా ఉన్నచోట 90 రోజుల నియమం అడుగుతాయి. రెండో అంచె రక్షణ, లీకైన పాస్‌వర్డ్‌ల వడపోత ఉన్నచోట గడువును ఏడాదికి పెంచడమో ఎత్తేయడమో మంచిదే. అవి రెండూ లేకుండా గడువు ఒక్కటే ఎత్తేస్తే ఉన్న కాస్త కంచె కూడా పోతుంది.

తిరుగుదారిలో ఒక గుంట ఉంది. ఎన్నాళ్లుగానో "పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్" టిక్ ఉన్న అకౌంట్లకు ఒక్కసారిగా ఆ టిక్ తీసేస్తే, పాస్‌వర్డ్‌లు గరిష్ఠ వయసు ఎప్పుడో దాటేసి ఉంటాయి కాబట్టి, అవన్నీ ఆ నిమిషమే గడువు తీరినవైపోతాయి. 14 రోజుల మెయిల్‌కు అవకాశమే ఉండదు. బృందాలుగా విడగొట్టి, ఒక్కో బృందానికి పీడబ్ల్యూడీ-లాస్ట్-సెట్‌ను ముందు 0 చేసి, వెంటనే -1 చేయండి. -1 పెడితే డైరెక్టరీ అక్కడ ఇప్పటి సమయం రాసుకుంటుంది, గడువు ఇవాళ్టి నుంచి మొదలవుతుంది. ఆ తర్వాతే టిక్ తీయండి. బృందాల మధ్య వారం ఎడం ఉంచితే, తర్వాతి గడువులు కూడా ఒకేరోజు వచ్చి హెల్ప్‌డెస్క్ మీద పడవు. సర్వీస్ అకౌంట్లను మాత్రం ఈ బృందాల్లో కలపకండి. ఏ సర్వర్లో ఏ సర్వీస్ ఏ అకౌంట్‌తో నడుస్తోందో జాబితా చేతికొచ్చేదాకా వాటి టిక్ జోలికి పోవద్దు.